ఎరువు సొమ్ము, ఇనుప చప్పుడు

1988లో వచ్చిన ‘డై హార్డ్’ చూసినవాళ్ళకు దాని చివరి ఘట్టం గుర్తుండే ఉంటుంది. కాల్పులు ఆగిపోయాయి. ఒళ్ళంతా గాయాలతో హీరో మేడ దిగి బయటికొచ్చాడు, పక్కన భార్య ఉంది. హమ్మయ్య అనుకునేలోపు, చచ్చాడనుకున్న దుండగుడొకడు మీది దుప్పటి విదిలించుకుని తుపాకీతో లేస్తాడు. ఒక పోలీసు సార్జెంటు వాణ్ణి అక్కడికక్కడే కాల్చి పడేస్తాడు. సరిగ్గా అక్కడే ఆర్కెస్ట్రా మొత్తం ఒక్క పెట్టున లేస్తుంది. ఆ సినిమాకు సంగీతం మైకేల్ కేమెన్. ఆ బిట్ మాత్రం ఆయనది కాదు.

రెండేళ్ళ ముందు మరో సినిమా కోసం మరో సంగీత దర్శకుడు లండన్‌లో రికార్డు చేసిన బిట్ అది. సినిమా పేరు ‘ఏలియన్స్’. సంగీత దర్శకుడు జేమ్స్ హార్నర్. రెండు సినిమాలూ ట్వంటీయెత్ సెంచరీ ఫాక్స్ వారివే కాబట్టి, అక్క నగ చెల్లెలి పెళ్ళికి పెట్టినట్టు పని జరిగిపోయింది.

ఎరువుల సొమ్ము బరువుల చేటు అని మన పెద్దల మాట. ‘ఏలియన్స్’ నేపథ్య సంగీతం మీద ఇన్నేళ్ళుగా నడుస్తున్న వాదానికి ఈ సామెత అచ్చంగా సరిపోతుంది. యాక్షన్ సినిమాకు ఆర్కెస్ట్రా ఎలా వాయించాలో నేర్పిన సంగీతం ఇదని ఒక వర్గం. ఇందులో చాలా భాగం అక్కడా ఇక్కడా తెచ్చి పెట్టుకున్నదేనని ఇంకో వర్గం. రెండు మాటలకూ ఆధారాలున్నాయి. ఆ ఆధారాలను ఒక్కొక్కటే విని చూడటమే ఈ ప్రసంగం పని.

ముందుగా కథ నాలుగు మాటల్లో. 1979లో రిడ్లీ స్కాట్ తీసిన ‘ఏలియన్’ సినిమాలో ఒక అంతరిక్ష నౌకలోకి భయంకరమైన జీవి ఒకటి చొరబడి, రిప్లీ అనే ఒక్క స్త్రీని తప్ప అందర్నీ చంపేస్తుంది. దానికి కొనసాగింపు ‘ఏలియన్స్’. రాసి తీసినవాడు జేమ్స్ కామెరూన్. చిన్న నౌకలో నిద్రావస్థలో కొట్టుకుపోతున్న రిప్లీని 57 సంవత్సరాల తర్వాత కనిపెట్టి లేపుతారు. ఆ జీవి మొదట ఎదురైన గ్రహానికే మళ్ళీ పంపుతారు, ఈసారి తుపాకులు పట్టిన సైనికులతో కలిపి. అక్కడ ఒక వలస కాలనీ అంతా తుడిచిపెట్టుకుపోయి ఉంటుంది. మిగిలింది న్యూట్ అనే ఒక చిన్నపిల్ల. రిప్లీ పాత్ర సిగోర్నీ వీవర్ వేసింది. మొదటి సినిమా దయ్యాల కొంపలో ఒంటరి రాత్రి లాంటిదైతే, రెండోది యుద్ధం.

యుద్ధానికి సంగీతం రాయడానికి 1986లో హార్నర్ లండన్ వచ్చాడు. అప్పటికి ఆయన వయసు 32. ఊరు ఆయనకు కొత్త కాదు. చిన్నతనంలో అక్కడే పెరిగి, రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చదువుకున్నాడు. హంగేరీకి చెందిన ప్రసిద్ధ స్వరకర్త జార్జి లిగెటి దగ్గర పాఠాలు నేర్చుకున్నాడు. తండ్రి హ్యారీ హార్నర్ హాలీవుడ్‌లో పేరున్న కళాదర్శకుడు, రెండు ఆస్కార్లు అందుకున్నవాడు. కామెరూన్ కూడా హార్నర్‌కు ముక్కూ మొహం తెలియని మనిషేమీ కాదు. 1980లో రోజర్ కోర్మన్ చవకగా నిర్మించిన ‘బ్యాటిల్ బియాండ్ ద స్టార్స్’కు ఒకరు సంగీతం చేస్తే, ఇంకొకరు కళాదర్శకత్వం చేశారు. చవక సినిమాల బడిలో సహాధ్యాయులన్నమాట.

కానీ లండన్‌లో దిగేసరికి సినిమా తయారుగా లేదు. షూటింగూ ఎడిటింగూ ఇంకా సాగుతూనే ఉన్నాయి. హార్నర్ తర్వాతి కాలంలో చెప్పుకున్న దాని ప్రకారం, చేతిలో ఆరు వారాలున్నాయనుకుని వచ్చిన మనిషి అందులో సగం ఊరికే కూర్చుని పోగొట్టుకున్నాడు. సన్నివేశం పొడవెంతో తెలియకుండా దానికి స్వరం రాయడం కుదరదు. ఎక్కడ తలుపు తెరుచుకుంటుందో, ఎక్కడ తుపాకీ పేలుతుందో సెకన్లలో లెక్క తెలియాలి. విడుదల తేదీ మాత్రం జరగదు. సన్నివేశానికి ఇలా సంగీతం కట్టే పనిని తెలుగు సినిమా రంగంలో రీరికార్డింగ్ అంటారు, పొట్టిగా ఆర్.ఆర్. రిలీజు నెత్తిమీద పెట్టుకుని రాత్రింబవళ్ళు ఆర్.ఆర్. చేసిన వాళ్ళెవరికైనా హార్నర్ అవస్థ విడమర్చి చెప్పనక్కర్లేదు. అబ్బే రోడ్ స్టూడియోలో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డింగు దాదాపు నాలుగు రోజుల్లో ముగిసింది. రిప్లీకీ, ఆ జీవుల తల్లి అయిన రాక్షసి రాణికీ జరిగే ఆఖరి పోరాటాన్ని కామెరూన్ చివరి నిమిషంలో మళ్ళీ కత్తిరించి కూర్చడంతో, ఆ బిట్‌ను హార్నర్ ఒక్క రాత్రిలో తిరిగి రాయాల్సి వచ్చింది.

ఆ హడావిడిలో పుట్టిన ఒక బిట్ దగ్గర కాస్త ఆగాలి. ఆల్బమ్‌లో దాని పేరు ‘బిషప్స్ కౌంట్‌డౌన్’. నిడివి మూడు నిమిషాల లోపే.

సన్నివేశం ఇది. గ్రహం మీద గాలి తయారుచేసే భారీ కర్మాగారం ఏ క్షణమైనా పేలబోతోంది. ఇంకెంతసేపుందో యంత్రంలోంచి ఒక ఆడగొంతు ఏ ఉద్వేగమూ లేకుండా చెబుతూంటుంది. న్యూట్‌ను చంకనెత్తుకున్న రిప్లీ పైకొచ్చి చూస్తే తీసుకెళ్ళాల్సిన నౌక కనబడదు. వెనక రాక్షసి రాణి. అప్పుడు బిషప్ అనే మరమనిషి నడిపే నౌక పొగలోంచి పైకి లేస్తుంది.

ఇక్కడ హార్నర్ రాగం జోలికి పోడు. ఒక చిన్న లయఖండాన్ని తీసుకుని దాన్నే తిప్పుతూ పోతాడు. అడుగున స్నేర్ డ్రమ్ సైనిక కవాతులా చిటపటలాడుతుంది. పైన ట్రాంబోన్లూ ట్రంపెట్లూ గొలుసు లాగినట్టు ఒక్కొక్క మెట్టే ఎక్కుతాయి. మధ్యలో, కొలిమి దగ్గర కమ్మరి దాగలి మీద సుత్తి పడినట్టు ఇనుము మోగుతుంది. కమ్మరి సుత్తి లయ తప్పదు, ఇది తప్పుతుంది. వినేవాడు ఇక్కడ పడుతుందని కాచుకున్న చోట పడక, అర మాత్ర ముందో వెనకో పడుతుంది. గుండె ఒకసారి దడిచి ఒక లయకు అలవాటు పడబోతుంటే, హార్నర్ ఆ అలవాటును కుదరనివ్వడు. భయానికి అసలు మూలం శబ్దం పెద్దదవడంలో లేదు, ఎప్పుడు పడుతుందో తెలియకపోవడంలో ఉంది. ఈ కిటుకు మృదంగ విద్వాంసులకు కొత్తేమీ కాదు. తాళం లోపలే ఉంటూ తాళం తప్పినట్టు భ్రమ పుట్టించడం వాళ్ళకు రోజూ ఉండే పని. దాన్ని పెద్ద ఆర్కెస్ట్రాకు ఎక్కించి, కాలం తరుముతున్న దృశ్యానికి అంటగట్టడంలోనే హార్నర్ నేర్పు కనిపిస్తుంది.

హాలీవుడ్ ఈ బిట్‌ను వదల్లేదు. తర్వాతి పదేళ్ళకు పైగా ఏ యాక్షన్ సినిమా ట్రైలర్ చూసినా, సొంత సంగీతం ఇంకా తయారు కాలేదంటే, ‘బిషప్స్ కౌంట్‌డౌన్’ వినబడే అవకాశం ఎక్కువగా ఉండేది. ‘ఏలియన్స్’ చూడనివాళ్ళు కూడా దీన్ని విన్నారు, ఏ సినిమాదో తెలియకుండానే. ఒక యాక్షన్ సంగీతం పనిచేస్తుందా లేదా అని తేల్చడానికి ఇంతకన్నా గట్టి పరీక్ష దొరకదు. బొమ్మ మారింది, కథ మారింది, తుపాకులు మారాయి, ఉరుకు మాత్రం అలాగే ఉంది.

ఇనుము మాట ఇంకాస్త చెప్పుకోవాలి. ఈ సినిమా ఎక్కువ భాగం ఇంగ్లండులోని పైన్‌వుడ్ స్టూడియోలో తీశారు. రాక్షసి గూడు ఉండే కర్మాగారపు లోపలి భాగాలకు మాత్రం, లండన్ పడమటి వైపు యాక్టన్ అనే చోట మూతబడ్డ విద్యుత్ కేంద్రాన్ని వాడుకున్నారు. అదే చోటు మూడేళ్ళ తర్వాత ‘బ్యాట్‌మన్’లో రసాయనాల ఫ్యాక్టరీ అయింది. గొట్టాలు, ఇనుప మెట్లు, జాలీ అంతస్తులు, అంతా తుప్పు పట్టిన లోహం. హార్నర్ సంగీతంలో గణగణలాడే లోహపు దెబ్బలు ఆ గోడల్లోంచే ఊడిపడినట్టుంటాయి. వయొలిన్లు ఎంత తియ్యగా పలికినా ఇంతగా ఆ చోటికి అతకవు. సింథసైజర్లు కూడా ఉన్నాయి కానీ అవి పక్కవాద్యాలే. 1986లో యాక్షన్ సినిమా అనగానే సింథసైజర్ల వైపు పరుగెత్తేవాళ్ళు చాలామంది ఉండగా, ఊపిరి పట్టి ఊదేవాళ్ళతో, చెయ్యెత్తి కొట్టేవాళ్ళతో యుద్ధం చేయించాడు. కామెరూన్ రెండేళ్ళ ముందు తీసిన ‘టెర్మినేటర్’కు బ్రాడ్ ఫీడెల్ చేసిన సింథసైజర్ సంగీతంతో పోల్చి వింటే తేడా చెవికి తెలిసిపోతుంది. అక్కడ యంత్రం తరుముకొస్తుంది. ఇక్కడ పారిపోయే మనిషి రొప్పు వినిపిస్తుంది.

ఇంకో సుగుణం, తప్పుకోవాల్సిన చోట తప్పుకోవడం. సైనికుల చేతుల్లో ఒక పరికరం ఉంటుంది, దగ్గర్లో ఏది కదిలినా కిక్ కిక్ మంటూ లెక్క చెబుతుంది. శత్రువు దగ్గరయ్యేకొద్దీ ఆ చప్పుడు తొందరపడుతుంది. ప్రేక్షకుడికి చెమటలు పట్టించే పని ఆ చిన్న చప్పుడు చాలాచోట్ల ఒంటరిగానే చేస్తుంది. అక్కడ ఆర్కెస్ట్రా గొంతు తగ్గించి, మసక పొగలా కింద పాకుతుంది. ఇందులో హార్నర్ వాటా ఎంతో, కామెరూన్ కత్తెర వాటా ఎంతో విడదీయడం కష్టం. వినేవాడికి ముట్టేది ఫలితం.

ఇక ఎరువుల పద్దు విప్పుదాం.

సినిమా మొదలవుతూనే చీకట్లో ఒక చిన్న నౌక తేలుతూ వస్తుంది. లోపల రిప్లీ గాజు పెట్టెలో నిద్రపోతోంది. తంత్రీ వాద్యాలు మంచు కరిగినంత నెమ్మదిగా ఒక విషాద స్వరాన్ని ఎత్తుకుంటాయి. అరవై ఏళ్ళకు దగ్గరపడే ఒంటరితనం ఆ కొద్ది స్వరాల్లో వినిపిస్తుంది. అద్భుతం అనుకుంటూండగానే, శాస్త్రీయ సంగీతం ఎరిగినవాళ్ళు ఉలిక్కిపడతారు. ఇది ఆరామ్ ఖచతూరియన్ స్వరం కదా అని. ఆర్మీనియా మూలాలున్న సోవియట్ స్వరకర్త ఖచతూరియన్ ‘గయానే’ అనే బాలేకు సంగీతం రాశాడు. అది మొదట ప్రదర్శించింది 1942లో. అందులోని విలంబిత భాగం ఛాయ హార్నర్ టైటిల్ సంగీతంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

అదైనా నేరుగా బాలే నుంచి వచ్చిందని అనుకోలేం. 1968లో స్టాన్లీ కూబ్రిక్ తీసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో డిస్కవరీ అనే నౌకను మొదట చూపించేటప్పుడు, లోపల వ్యోమగామి గుండ్రంగా పరుగు తీస్తుండగా వినబడేది ఇదే ‘గయానే’ భాగం. అప్పటినుంచి సినిమా ప్రేక్షకుడి మనసులో అంతరిక్షపు ఏకాంతానికి ఈ స్వరం గుర్తయి కూర్చుంది. ఇక్కడ రెండు తమాషా కాకతాళీయాలున్నాయి. కూబ్రిక్ ఆ సినిమాలో వాడుకున్న వాటిలో లిగెటి రచనలూ ఉన్నాయి, హార్నర్‌కు పాఠం చెప్పిన ఆ లిగెటివే. కూబ్రిక్ సినిమాకు ఎడిటర్ రే లవ్‌జాయ్. ‘ఏలియన్స్’కూ ఆయనే ఎడిటర్.

పెద్దల స్వరాన్ని తలుచుకోవడం తప్పు కాదని వాదించవచ్చు. కూబ్రిక్ సినిమాకు నమస్కారం పెట్టడమేనని సర్దిచెప్పవచ్చు. కానీ నమస్కారం ఒకసారి పెడితే మర్యాద. ఇక్కడ సినిమా ముఖద్వారం మీద, సంగీత దర్శకుడి పేరు పడే చోటే పరాయి ముగ్గు కనబడుతోంది. పైగా మొదటి ‘ఏలియన్’ సంగీత దర్శకుడు గోల్డ్‌స్మిత్ దాని ఆరంభానికి రాసిన సంగీతం, ఎవరి నీడా పడని, చెప్పలేని బెరుకు పుట్టించే సొంత సృష్టి. పక్కపక్కన పెట్టి వింటే హార్నర్ ఆరంభం అందంగా ఉంటుంది, కానీ అది ఎవరి అందమో గుర్తొస్తూ ఉంటుంది.

రెండో రకం ఎరువు సొంతింటి నుంచే. హార్నర్ 1981లో ‘వుల్ఫెన్’ అనే భయానక చిత్రానికీ, 1982లో ‘స్టార్ ట్రెక్’ రెండో సినిమాకూ సంగీతం చేశాడు. ఆ సినిమాల్లో వాడిన పోకడలు, ఇత్తడి వాద్యాల అరుపులు, ఉత్కంఠ పెంచే మెలికలు ‘ఏలియన్స్’లో పేరు మార్చుకుని తిరుగుతాయి. రాత్రి మిగిలిన అన్నం పొద్దున పులిహోర అయినట్టు. నాలుగు రోజుల్లో వడ్డించాల్సినవాడు ఇంట్లో ఉన్నది చూసుకోకుండా ఎలా ఉంటాడు? ఈ విషయంలో హార్నర్‌ను పట్టుకుని ఝాడించే విమర్శకులు కాస్త తొందరపడతారనే చెప్పాలి. బాఖ్, హాండెల్ తమ రచనల్లోంచి తామే తీసి మళ్ళీ వాడుకున్నారు. చద్దన్నం తప్పు కాదు. అది పాచి వాసన వేస్తోందా లేదా అన్నదే చూడాలి, ఇక్కడ చాలాచోట్ల వెయ్యదు.

అసలు లోటు ఎరువులో లేదు. ఆ లోటు న్యూట్.

‘ఏలియన్స్’ మూటలో తుపాకులు తీసేస్తే మిగిలేది ఒక తల్లీ ఒక కూతురూ. రిప్లీ నిద్రపోయిన ఆ 57 ఏళ్ళలో ఆమె సొంత కూతురు వయసు మీరి చనిపోయింది. థియేటర్లలో ఆడిన 137 నిమిషాల సినిమాలో ఆ ముచ్చట లేదు. తర్వాత వచ్చిన 154 నిమిషాల ప్రత్యేక కూర్పులో ఉంది. అది తెలిసినా తెలియకపోయినా, ఆ అనాథ పిల్లను రిప్లీ గుండెకు హత్తుకునే తీరు చూస్తే ప్రేక్షకుడికి అర్థమవుతుంది. చివరి పోరాటం కూడా ఇద్దరు తల్లుల మధ్యే. పిల్లల్ని పోగొట్టుకున్న రాణి ఒకవైపు, పిల్లను దక్కించుకున్న రిప్లీ ఇంకోవైపు.

ఇంత కథ ఉండగా, ఈ ఇద్దరికీ కలిపి చెవిలో నిలిచే ఒక్క స్వరం లేదు. మొదట్లో సన్నగా మొలిచి, మధ్యలో పెరిగి, ఆఖర్న పూర్తిగా విచ్చుకునే ఒక లాలి లాంటిది ఉండి ఉంటే! ముగింపులో తంత్రులు మెత్తబడతాయి, వెచ్చబడతాయి, నిజమే. అయితే ఆ వెచ్చదనం దారిలో సంపాదించుకున్నది కాదు, అప్పటికప్పుడు పరిచిన దుప్పటి. హార్నర్‌కు అది చేతకాదని ఎవరూ అనలేరు. అదే ఏడాది ‘యాన్ అమెరికన్ టెయిల్’ అనే కార్టూన్ సినిమాలో, తప్పిపోయిన ఒక ఎలుక పిల్ల బెంగను ఆయనే ఎంతో లాలిత్యంగా పలికించాడు. ఆ చేయి ఇక్కడ ఖాళీగా ఉండిపోయింది. ఉరుకును తొందరలో రాయొచ్చు. మమతను తొందరలో రాయడం కష్టం.

దీనివల్ల ఆల్బమ్ వినేటప్పుడు ఇంకో ఇబ్బంది. 1986లో వరేజ్ సారాబాండ్ కంపెనీ పది బిట్లతో నలభై నిమిషాల రికార్డు విడుదల చేసింది. 2001లో అదే కంపెనీ దాదాపు రెట్టింపు నిడివితో పెద్ద కూర్పు తెచ్చింది. సంగీతాన్నే ప్రేమించేవాళ్ళకు పండగే. అయినా ఏకబిగిన కూర్చుని వింటే అలసట వస్తుంది. గుసగుస, కేక, గుసగుస, కేక. మధ్యలో తల వాల్చుకోవడానికి ఒక రాగం గట్టు దొరకదు. గోల్డ్‌స్మిత్, జాన్ విలియమ్స్ లాంటివాళ్ళు ఎంత యుద్ధం రాసినా, వినేవాడు ఇంటికెళ్ళేటప్పుడు కూనిరాగం తీసుకోవడానికి ఒక వరుస చేతిలో పెట్టి పంపిస్తారు. హార్నర్ ఇక్కడ పెట్టింది దడ మాత్రమే.

అయితే సినిమాలో వినబడేదానికీ ఆల్బమ్‌లో ఉన్నదానికీ తేడా ఉంది. ఆ తేడా చేసింది కత్తెర. హార్నర్ ఒక సీనుకు రాసింది కామెరూన్ ఇంకో సీనుకు జరిపాడు. కొన్నిచోట్ల బిట్‌ను మధ్యలో తెగ్గొట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. కొన్నిచోట్ల ఏకంగా గోల్డ్‌స్మిత్ మొదటి ‘ఏలియన్’కు చేసిన సంగీతం ముక్కలు తెచ్చి అతికించాడు. పట్టుచీరగా నేసినది తెర మీదికి బొంతై చేరిందని హార్నర్ అభిమానుల గోడు. అందులో న్యాయం లేకపోలేదు. కానీ బొంత చలికి పనికొచ్చిందా లేదా అని కూడా అడగాలి. జరిపిన చోట్ల చాలావాటిలో సీను బతికింది.

ఈ విషయంలో గోల్డ్‌స్మిత్‌కు జరిగినది తలుచుకుంటే హార్నర్‌కు కొంత ఊరట. సినిమా కత్తిరించేటప్పుడు ఎడిటింగ్ బల్ల మీద తాత్కాలికంగా పాత సంగీతమేదో వేసుకుంటారు. దాన్ని టెంప్ ట్రాక్ అంటారు. మొదటి ‘ఏలియన్’కు ఎడిటర్ టెరీ రాలింగ్స్, 1962 నాటి ‘ఫ్రాయిడ్’ చిత్రానికి గోల్డ్‌స్మిత్ చేసిన సంగీతాన్ని అలా వేసుకున్నాడు. విని విని దర్శకుడికి అదే నచ్చిపోయింది. గోల్డ్‌స్మిత్ కొత్తగా రాసినది పక్కన పెట్టి, పాత ముక్కల్నే కొన్నిచోట్ల ఉంచేశారు. చివరి టైటిల్స్ మీద ఆయన రాసినది తీసేసి అమెరికన్ స్వరకర్త హోవర్డ్ హాన్సన్ రెండో సింఫనీ పెట్టారు. సొంత పాత సంగీతం చేతిలో సొంత కొత్త సంగీతం ఓడిపోవడం! ‘డై హార్డ్’ చివర హార్నర్ బిట్ వినబడటానికి కారణం కూడా ఇలాంటిదే. ఎడిటింగులో వేసుకున్నది చెవికి అతుక్కుపోయింది, ఊడలేదు.

చెప్పకుండా వదలకూడని ఇంకో పోటీ ఉంది. యాక్షన్ సినిమాలో సంగీతానికి అసలు శత్రువు తుపాకీ మోత. స్నేర్ డ్రమ్ చిటపటా, మరతుపాకీ చిటపటా చెవికి ఒకే జాతి. కొట్లాట ముదిరిన చోట హార్నర్ వాద్యకారులు ఎంత చెమటోడ్చినా సగం పేలుళ్ళ కింద నలిగిపోయింది. ఆ ఏడాది ఆస్కార్లలో ‘ఏలియన్స్’కు ఏడు నామినేషన్లు వచ్చాయి. చేతికొచ్చినవి రెండు, విజువల్ ఎఫెక్ట్స్‌కు ఒకటి, శబ్దాల కూర్పుకు ఒకటి. శబ్దం గెలిచింది, సంగీతం ఓడింది.

ఆ ఓటమి కూడా చిన్న బరిలో కాదు. 1986 సంవత్సరపు సినిమాలకు ఉత్తమ సంగీతం బరిలో నిలిచిన ఐదుగురు వీళ్ళు. ‘ఏలియన్స్’కు హార్నర్. ‘ద మిషన్’కు ఇటలీ మహానుభావుడు ఎన్నియో మొరికోనె. ‘హూజియర్స్’కు గోల్డ్‌స్మిత్. ‘స్టార్ ట్రెక్’ నాలుగో సినిమాకు లెనర్డ్ రోజెన్‌మన్. ‘రౌండ్ మిడ్‌నైట్’కు జాజ్ పియానో విద్వాంసుడు హెర్బీ హాంకాక్. బహుమతి హాంకాక్‌కు వెళ్ళింది. మొరికోనెకు రాకపోవడం మీద సంగీత ప్రియులు ఇప్పటికీ పళ్ళు కొరుకుతుంటారు కాబట్టి, హార్నర్ కోసం బాధపడే తీరిక ఎవరికీ లేకపోయింది. ఇందులో ఒక విడ్డూరం ఉంది. తన స్వరాల ముక్కలు అతికించిన సినిమాతో గోల్డ్‌స్మిత్ అదే బల్ల దగ్గర పోటీకి కూర్చున్నాడు.

ఈ పని ముగిశాక హార్నర్, కామెరూన్ మొహమొహాలు చూసుకోలేదు. మళ్ళీ కలిసి పనిచేయడం కల్ల అని హార్నరే అనుకున్నాడు. కామెరూన్ తర్వాతి సినిమా ‘ది అబిస్’కు అలన్ సిల్వెస్ట్రీ సంగీతం చేశాడు, రెండో ‘టెర్మినేటర్’కు మళ్ళీ ఫీడెల్ వచ్చాడు. 1995లో ‘బ్రేవ్‌హార్ట్’కు హార్నర్ చేసిన సంగీతం కామెరూన్ చెవిన పడింది. పాత పగ పక్కకు పోయింది. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఫలితం 1997 నాటి ‘టైటానిక్’. మన ఊళ్ళ థియేటర్లలోనూ జనం తిరిగి తిరిగి చూసిన సినిమా. సంగీతానికీ పాటకూ కలిపి హార్నర్ రెండు ఆస్కార్లు అందుకున్నాడు. ‘ఏలియన్స్’లో దొరకని చిన్న వరుస, సినిమా పొడవునా పెరిగి కడకు గొంతు పగిలేలా విచ్చుకునే వరుస, అక్కడ దొరికింది. ఈసారి రాసుకోవడానికి సమయం కూడా దొరికింది.

2009లో ‘అవతార్’ కోసం ఇద్దరూ మళ్ళీ కలిశారు. ఆ సినిమాలోని పండోరా లోకపు ప్రజలకు గొంతు వెతకడం కోసం హార్నర్ చాలాకాలం కష్టపడ్డాడు. వింత వాద్యాలు, కోరస్, ఎక్కడా వినని పలుకుబడి. అయితే యుద్ధం మొదలై ఆకాశంలో యంత్రాలు కమ్ముకునేసరికి ఇత్తడి వాద్యాలు నాలుగు స్వరాలు మోగిస్తాయి. హార్నర్ అభిమానులు వాటిని ప్రమాద ఘంటిక అని ముద్దుగా పిలుస్తారు. 1988 నాటి ‘విల్లో’లో ఉన్నాయవి, 2001 నాటి ‘ఎనిమీ అట్ ద గేట్స్’లో ఉన్నాయి, 2004 నాటి ‘ట్రాయ్’లో ఉన్నాయి. వాటి మూలం వెతుక్కుంటూ వెళితే రష్యన్ స్వరకర్త రాఖ్‌మానినోవ్ మొదటి సింఫనీ దగ్గర తేలుతుంది. 2015 జూన్ 22న కాలిఫోర్నియాలో తన చిన్న విమానం కూలి హార్నర్ చనిపోయాడు. మరుసటి సంవత్సరం లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ‘ఏలియన్స్’ సినిమా తెరమీద ఆడుతుండగా, దాని సంగీతాన్ని ఒక ఆర్కెస్ట్రా కళ్ళెదుట వాయించింది. అబ్బే రోడ్ నుంచి ఆ హాలు నాలుగు మైళ్ళ లోపే ఉంటుంది.